ఆరుబయటి గది: ప్రజాస్థలాలకు అంతర్వాస్తు దృష్టి

హిందీలోని "ఆంగన్" అనే పదాన్ని తెలుగు చేసేటప్పుడు ప్రతిసారీ ఒక్క క్షణం కలం ఆపవలసి వస్తుంది. సంస్కృతంలోని అంగణమే దానికి మూలం. ఆ సంస్కృత పదం మనకూ ఉన్నది. అయినా చిక్కు తీరదు. నాలుగు వైపులా గదులుండి నడుమ ఆకాశం కనిపించే బయలైతే అది మండువా. ఇంటి ముందరిదైతే ముంగిలి లేదా వాకిలి. వెనుకదైతే పెరడు. హిందీ రచయిత ఒక్క మాటతో దాటిపోయిన సంగతిని తెలుగు నిలదీసి అడుగుతుంది: ఆకాశం ఎక్కడ కనిపిస్తున్నది, గడప ఏ వైపున ఉన్నది, అక్కడికి రాగలవారు ఎవరు? అనువాద వృత్తిలో కొన్నేళ్ళుగా ఈ చిక్కుతో కాపురం చేసిన మీదట, వాస్తుశిల్పులు నక్షాల మీద గీతలు గీసేటప్పుడు ఎదుర్కొనే ప్రశ్నలు కూడా ఇవేనని నాకు తోచింది.

నేటి నగర నిర్మాణంలో స్థలాన్ని "లోపల", "బయట" అని రెండుగా విభజించడం పరిపాటి. కట్టడం వాస్తుశిల్పి పని. గదుల అమరిక అంతర్వాస్తు నిపుణుని పని. చెట్లు ఉద్యానశిల్పివి, రోడ్డు ఇంజనీరుది. ఈ నలుగురూ తమ తమ పని ముగించిన తరువాత వారి గీతల మధ్య ఎవరికీ చెందని నేల కొంత మిగిలిపోతుంది. కార్యాలయాల ముందు, ఆసుపత్రుల ఆవరణలలో, రైల్వే స్టేషన్ల ఎదుట మనం చూసే విశాలమైన, ఎండకు మండే బయళ్ళు చాలావరకు ఇలా మిగిలినవే. వాటిని ఎవరో చెడుగా రూపొందించారని అనలేము. అసలు ఎవరూ రూపొందించలేదు.

గదికి కావలసినవి

ఒక గదిని తీర్చిదిద్దేవారు ముందుగా మనిషి శరీరాన్ని తలచుకొంటారు. అతడు ఎక్కడ కూర్చుంటాడు? వీపు దేనికి ఆన్చుకొంటాడు? వెలుతురు ఏ వైపు నుంచి వస్తుంది? మాట ఎంత దూరం వినిపిస్తుంది? పాదానికి నేల ఎలా తగులుతుంది? కూర్చునే పీట 40 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. 20, 25 మీటర్ల దూరం దాటితే ఎదుటివారి ముఖంలోని భావం పోల్చుకోవడం కష్టం. గదిలో నిజమైన ఈ లెక్కలు గడప దాటగానే అబద్ధం కావు. ఆరుబయటికి వచ్చినంత మాత్రాన మనిషి మోకాలి ఎత్తు మారదు కదా! నేల, గోడ, పైకప్పు, గడప, ఆసనం అనే వాటిని లోపల ఎంత శ్రద్ధగా ఆలోచిస్తామో బయట కూడా అంత శ్రద్ధగా ఆలోచించడమే ఈ వ్యాసంలో అంతర్వాస్తు దృష్టి అన్న మాటకు అర్థం.

ఈ దృష్టికి పటం రూపంలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. 1748లో జియాంబటిస్టా నోలీ అనే ఆయన రోము నగరానికి ఒక పెద్ద పటం ప్రకటించాడు. అందులో ఇళ్ళు నల్లగా, వీధులు తెల్లగా ఉంటాయి. అంతవరకు విశేషం లేదు. అయితే చర్చీల లోపలి మండపాలను, స్తంభాల వసారాలను కూడా ఆయన వీధుల వలెనే తెల్లగా విడిచిపెట్టాడు. అక్కడ పైకప్పు ఉన్నదా లేదా అన్నది ఆయనకు ముఖ్యం కాలేదు. జనం అక్కడికి రావచ్చునా లేదా అన్నదాన్ని బట్టి గీత గీశాడు. మన పట్టణాలకు అటువంటి పటం గీస్తే గుడి మండపాలు, సత్రాలు, బజారు వసారాలు, గ్రంథాలయాలు అన్నీ తెల్లగా వచ్చి వీధులతో కలిసిపోతాయి.

నేల సంగతి త్వరగా చెప్పవచ్చు. నల్లని తారు, నల్లని గ్రానైటు పగలంతా ఎండను తాగి సాయంకాలం తిరిగి కక్కుతాయి. నునుపు చేసిన రాయి వానలో జారుతుంది. గరుకుగా విడిచిన తాండూరు బండ, షాబాదు బండ పాదానికి పట్టునిస్తాయి. బండల మధ్య సందులుంటే నీరు ఇంకుతుంది. పైకప్పు సంగతి అంతకన్నా ముఖ్యం. ఆరుబయట అది చెట్టే కావాలి, లేదా పందిరి కావాలి. వేప, కానుగ, రావి ఈ పనికి శతాబ్దాల అనుభవం ఉన్నవి. కూడళ్ళలో శోభ కోసం వరుసగా నాటుతున్న తాటి జాతి అలంకార వృక్షాలను స్తంభాలు అనవచ్చును గాని పైకప్పు అనడానికి నాకు నోరు రాదు. నాలుగడుగుల నీడ కోసం మనిషి వాటి కాండం వెనుక ఒంటి కాలి మీద నిలబడాలి.

1571లో అక్బరు చక్రవర్తి నిర్మాణం ఆరంభించిన ఫతేపూర్ సిక్రీలో నేలనే గది సామగ్రిగా మార్చిన తీరు చూడదగినది. అక్కడి ఎర్ర ఇసుకరాతి ప్రాంగణంలో పచ్చీసు ఆట పటం నేల మీదనే పరచి ఉన్నది. అనూప్ తలావ్ అనే చతురస్రపు కొలను నడుమ ఒక వేదిక, దానికి నాలుగు వైపుల నుంచి నాలుగు సన్నని వంతెనలు. గోడలు కట్టకుండానే, నీటితో ఒక గదిని వేరు చేసినట్లయింది. అవసరమైనప్పుడు షామియానాలు, కనాతులు కట్టి గంటలలో కప్పూ గోడలూ సమకూర్చుకోవడం మొగలుల అలవాటు.

దక్కనులో దీనికి దీటైన ఉదాహరణ హైదరాబాదు నడిబొడ్డున ఉన్నది. 1591లో చార్మినారు నిర్మాణం జరిగిన తరువాత, మరుసటి సంవత్సరం దానికి ఉత్తరాన చార్ కమాన్ అనే నాలుగు పెద్ద తోరణాలు లేచాయి. నాలుగు దిక్కుల నాలుగు ద్వారాలు, నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. నగరమంత విశాలమైన గదికి నాలుగు గుమ్మాలు పెట్టి మధ్యలో కూజా ఉంచినట్లు ఉంటుంది ఆ అమరిక. నేడు దుకాణాలు, తీగలు, బండ్ల రద్దీ దానిని కప్పివేసినా, కమాను కింద నుంచి నడిచి వెళ్ళే మనిషికి "ఎక్కడికో ప్రవేశించాను" అన్న స్పృహ కలుగుతూనే ఉన్నది. గుమ్మం చేసే పని అదే.

అరుగు

గదికీ వీధికీ మధ్య భారతదేశం కనిపెట్టిన ఉపకరణాలలో అరుగును మించినది లేదని నా అభిప్రాయం. తెలుగులో అరుగు లేదా తిన్నె, తమిళంలో తిణ్ణై, కన్నడంలో జగలి, గుజరాతీలో ఓట్లో, హిందీలో చబూతరా, కలకత్తా వీధులలో రోక్. నేపాలులో దారి పక్కన, కూడళ్ళలో బాటసారుల కోసం కట్టిన కప్పు గల తిన్నెలను పాటీ అంటారు. శ్రీలంకలో ఇటువంటి విశ్రాంతి మందిరం పేరు అంబలమ. పేర్లు వేరు, కొలతలలో చిన్న చిన్న భేదాలు. మోకాలి ఎత్తు మాత్రం అంతటా ఒక్కటే.

అరుగు ఇంటివారి ఆస్తి. అయినా దాని మీద కూర్చున్నవాడు వీధిలోనే ఉన్నాడు. దారిన పోయేవాడు కూర్చుంటే ఇంట్లోకి చొరబడినట్లు కాదు. ఇంటి ఇల్లాలు వచ్చి కూర్చుంటే బజారున పడినట్లు కాదు. లోపలా బయటా కాని, రెండూ అయిన ఈ చోటనే బియ్యం ఏరడం, బడి పాఠం వల్లించడం, పెళ్ళి మాటలు, పొలం తగాదాలు సాగేవి. ఆంధ్రదేశంలో వీధి బడులెన్నో అరుగుల మీదనే నడిచాయి. అరుగుకు వెనుక గోడ ఉన్నందున వీపుకు ఆధారం దొరుకుతుంది. పైన చూరు ఉన్నందున నీడ ఉంటుంది. ఎదుట వీధి ఉన్నందున చూడడానికి కావలసినంత ఉంటుంది.

విలియం వైట్ అనే అమెరికా పరిశీలకుడు 1970ల దశకంలో న్యూయార్కు నగరపు కూడళ్ళలో జనం ఎక్కడ కూర్చుంటారో సినిమా కెమెరాతో నెలల తరబడి గమనించి, ఆ ఫలితాలను 1980లో పుస్తకంగా ప్రకటించాడు. ఆయన తేల్చిన ముఖ్యవిషయం వింటే పిల్లలు కూడా నవ్వుతారు: కూర్చునే చోట్లు ఉన్నచోటనే జనం కూర్చుంటారు. అయితే నవ్వి ఊరుకోవడానికి లేదు. కోట్లు ఖర్చు చేసి కట్టిన ప్రాంగణాలలో ఆ ఒక్కటే మరచిపోవడం ఆయన చూశాడు. కదిలించగల కుర్చీ ఉంటే మనిషి కూర్చునే ముందు దానిని ఒక అంగుళం అటో ఇటో జరుపుతాడనీ, ఆ అంగుళంతో ఆ చోటు తనదవుతుందనీ ఆయన గమనించాడు. మన టీ కొట్ల ముందు ప్లాస్టిక్ కుర్చీలను, ముక్కాలి పీటలను జనం ఎలా జరుపుకొంటారో చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు.

అహమ్మదాబాదు పాత నగరంలో పోళ్ళు అనే ఇరుకు వీధుల సముదాయాలున్నాయి. ఈ నగరం 2017లో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందింది. పోళ్ళలో ప్రతి ఇంటికీ ముందు ఓట్లో, లోపల చౌక్, చౌక్ కింద వాననీటి తొట్టి. ఆ నగరంలోనే స్థిరపడిన వాస్తుశిల్పి బాలకృష్ణ దోషీ ఇందూరులో పేదలకోసం అరణ్య అనే వాడను రూపొందించినప్పుడు ఈ పాఠాన్ని మరువలేదు. సుమారు 6,500 నివేశన స్థలాలు గల ఆ వాడ 1989లో రూపు దాల్చింది. నమూనాగా కట్టి చూపిన ఇళ్ళలో వీధికీ ఇంటికీ నడుమ ఓట్లాకు చోటుంచారు. ఇల్లు ఒక్క గదే అయినా, దాని ముందు మరొక గది, పైకప్పు లేనిది, వీధితో పంచుకొన్నది ఉంటే ఆ కుటుంబం నిజానికి రెండు గదులలో నివసిస్తుంది. ఇటుక, సిమెంటు ఖర్చు లెక్కలో ఈ రెండవ గది కనిపించదు. అందుచేతనే రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొట్టమొదట పోయేది అదే. నష్టపరిహారం పట్టికలో ఇంటి గోడకు విలువ కడతారు. అరుగు మీది సాయంకాలాలకు పద్దు ఉండదు.

సబర్మతి తీరాన

ఆరుబయటి గదికి ఆధునిక భారతంలో నేను ఎరిగిన నిరాడంబరమైన ఉదాహరణ సబర్మతి ఆశ్రమంలోని గాంధీ స్మారక సంగ్రహాలయం. 1930లో సికిందరాబాదులో జన్మించిన చార్లెస్ కొరియా దీని శిల్పి. 1963లో ప్రధాని నెహ్రూ దీనిని ప్రారంభించారు. దాని మూలసూత్రం ఆరు మీటర్ల చదరం గది. ఇటుక స్తంభాలు నాలుగు, వాటి పైన వాననీటిని తీసుకొనిపోయే కాంక్రీటు దూలాలు, ఆ పైన పెంకుల కప్పు. ఈ చదరాన్నే మళ్ళీ మళ్ళీ పేర్చుకొంటూ పోయారు. కొన్ని చదరాలకు గోడలు పెట్టి ఉత్తరాలు, ఛాయాచిత్రాలు భద్రపరచారు. కొన్నింటిని గోడలు లేని వసారాలుగా విడిచారు. నడుమ ఒకచోట కప్పు కూడా తీసివేసి చతురస్రపు నీటికొలను పెట్టారు. కిటికీలకు గాజు లేదు. చెక్క రెక్కలే గాలినీ వెలుతురునూ అదుపు చేస్తాయి.

అక్కడ నడిచేవారికి లోపల ఎప్పుడు ముగిసిందో, బయట ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. చీకటి గది, నీడ గల వసారా, ఎండ పడే కొలను, మళ్ళీ నీడ. కొలత మాత్రం మారదు. ఆరు మీటర్లు అంటే ఇద్దరు ఎదురెదురు మూలల నుంచి గొంతు పెంచకుండా మాట్లాడుకోగల దూరం. గాంధీజీ నివసించిన హృదయకుంజ్ కుటీరపు వసారా పక్కనే ఉన్నది. కొత్త కట్టడం దానికన్నా పెద్ద గొంతుతో మాట్లాడదు.

ఇందులో ఉన్న ఆలోచనను కొరియా తన రచనలలో పలుమార్లు వివరించారు. చలిదేశాలలో కట్టడం శీతగాలి నుంచి రక్షించే పెట్టె. మన శీతోష్ణ పరిస్థితిలో అటువంటి పెట్టె రోజంతా అవసరం లేదు. తెల్లవారుజామున, సాయంకాలం ఆకాశం కిందనే సుఖం. మధ్యాహ్నం మాత్రం దట్టమైన కప్పు కావాలి. మూసిన గదికీ ఆకాశానికీ నడుమ వసారా, పందిరి, చెట్టు నీడ, మిద్దె అని ఎన్నో మెట్లున్నాయి, మనిషి పొద్దును బట్టి ఒక మెట్టు నుంచి మరొకదానికి జరుగుతాడు. అంటే గదిలో వస్తువులను జరిపినట్లుగా మనం ఇంటిలో మనలనే జరుపుకొంటున్నాము. వేసవి రాత్రి మిద్దె మీద పడుకొన్న వారెవరికీ దీనిని వివరించనక్కర లేదు.

1982లో భోపాలులో ప్రారంభమైన భారత్ భవన్‌లో కొరియా ఇదే సూత్రాన్ని కొండవాలుకు అన్వయించారు. పెద్ద చెరువు వైపు దిగే మిద్దెల మీదనే సందర్శకుడు నడుస్తాడు. గదులు కింద, పల్లపు ప్రాంగణాల చుట్టూ ఉన్నాయి. అదే సంవత్సరం ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం రాజ్ రేవాల్ నిర్మించిన 700 ఇళ్ళ వాడలో బండ్లను అంచులకు పరిమితం చేసి, కాలినడక వీధులను ద్వారాలతో అక్కడక్కడ విరిచారు. పొడుగాటి వీధి ఒకటి కాక, ఒకదాని వెంట ఒకటి గదులు వచ్చినట్లు అనిపిస్తుంది.

తలుపు ఎవరిది?

ఇంతవరకు చెప్పినది అంతర్వాస్తు దృష్టిలోని మేలు. దానిలోనే ఒక ప్రమాదం కూడా దాగి ఉన్నది. గది అన్నాక తలుపు ఉంటుంది. తలుపు అన్నాక దానిని మూసే హక్కు ఎవరికో ఉంటుంది.

మన ఊళ్ళలోని రచ్చబండను తలచుకొని కరిగిపోవడం రచయితలకు సులభం. "రచ్చ" అన్న మాట "రథ్య", అంటే వీధి, అన్న సంస్కృత పదానికి వికృతి. పేరును బట్టి అది అందరిదీ. ఆచరణలో అందరూ దాని మీద కూర్చోలేదు. కొందరు నిలబడ్డారు, కొందరు దూరాన నిలబడ్డారు, కొందరికి ఆ దారే లేదు. అరుగు విషయంలోనూ అంతే. నేను పైన వర్ణించిన బాటసారి ఏ కులంవాడో నేను చెప్పలేదు. ఆ మాట దాచి అరుగును పొగడడం సత్యం కాదు.

1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలాదిమందితో కలిసి మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో చవ్‌దార్ చెరువు నీటిని తాగారు. ప్రజాస్థలాలను అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించి ఉన్నది. అయినా కాగితం మీద తెరిచిన చెరువు గట్టు మీద మూసే ఉన్నది. ఆ నీటి కోసం సాగిన న్యాయపోరాటం 1937లో ఉన్నత న్యాయస్థానంలో ముగిసింది. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండవ ఖండం బావులను, చెరువులను, స్నానఘట్టాలను, రహదారులను, ప్రజలు చేరే స్థలాలను పేరు పేరునా చెబుతుంది. వాస్తుశిల్ప విద్యార్థులు ఆ ఖండాన్ని న్యాయశాస్త్రంగా కాక ఒక నక్షాగా చదవాలని నా మనవి. నోలీ తన పటంలో తెల్లగా విడిచిన చోట్ల వంటివే అందులో ఉన్నాయి.

తలుపును చెక్కతోనే చేయనక్కర లేదు. బల్ల మధ్యలో ఇనుప చేతులు బిగిస్తే అలసిన కూలీ దాని మీద పడుకోలేడు. దీపం లేని మూల ఉంటే స్త్రీలు ఏడు గంటలకే లేచి వెళ్ళిపోతారు. మెట్టు కూడా తలుపే. 1499 నాటి అడాలజ్ మెట్ల బావిలో అంతస్తు వెంట అంతస్తు దిగే కొద్దీ వెలుతురు తగ్గి చల్లదనం పెరుగుతుంది. ఆరుబయటి గది భూగర్భంలో ఎంత గంభీరంగా ఉండగలదో దానిని చూసి తెలుసుకోవాలి. సికిందరాబాదులో చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్ల బావిని శుభ్రపరచి 2022లో తిరిగి ప్రజలకు తెరవడం సంతోషకరం. కాని చక్రాల కుర్చీలో వచ్చినవారికి ఏ మెట్ల బావి అయినా పై మెట్టు దగ్గరే ఆగిపోతుంది. పాత కట్టడాన్ని ఇప్పుడు మార్చలేము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తరువాత కట్టే కొత్త వాటికి ఆ సాకు లేదు. వాలుదారికి 12 కొలతల పొడవుకు ఒక కొలత ఎత్తు అన్నది వాడుకలో ఉన్న నియమం. ఆ లెక్కన 45 సెంటీమీటర్ల అరుగు ఎక్కడానికి 5 మీటర్ల 40 సెంటీమీటర్ల వాలు కావాలి. ఆ జాగాను మొదటి రోజే నక్షాలో ఉంచకపోతే తరువాత దొరకదు.

కొలబద్ద పట్టుకొని

పాఠశాలలలో, కళాశాలలలో ఈ విషయాన్ని బోధించేవారికి నగరాలు తిరిగే అవసరం లేదు. తమ ఊరి బస్సు స్టాండు చాలు. నలుగురైదుగురు విద్యార్థులు ఒక టేపు, ఒక నోటు పుస్తకం తీసుకొని ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 1 గంటకు, సాయంకాలం 6 గంటలకు అక్కడికి వెళ్ళాలి. నీడ ఎంత మేర పరచుకొన్నదో సుద్దముక్కతో నేల మీద గీసి కొలవాలి. జనం కూర్చున్న ప్రతి చోటూ, అది బల్ల అయినా, మెట్టు అయినా, మూసిన దుకాణం గడప అయినా, ఎత్తు ఎంతో రాసుకోవాలి. కూర్చోవడానికి కట్టినవి ఎన్ని, జనమే ఆసనాలుగా చేసుకొన్నవి ఎన్ని అన్నది వేరు వేరుగా లెక్కించాలి. రెండవ లెక్క మొదటిదానికన్నా పెద్దదిగా ఉంటే ఆశ్చర్యపోనక్కర లేదు.

తరువాత మరొక పట్టిక. మూడు వేళలలోనూ అక్కడ ఉన్న పురుషులు ఎందరు, స్త్రీలు ఎందరు, ముసలివారు, పసిపిల్లలు ఎందరు, కర్ర సాయంతో లేక చక్రాల బండిలో వచ్చినవారు ఎందరు. ఈ పట్టికలో కొన్ని గళ్ళు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీ గడి ముందు ఆగి, టేపు మళ్ళీ తీసుకొని, అక్కడికి రానివారికి అడ్డు నిలిచినది ఏ మెట్టో, ఏ చీకటి మూలో, ఎంత దూరపు ఎండో కొలిచి రావాలి.